డీబీఏ 3.0 సమీక్ష: 12 బేస్‌లు, రెండడుగుల బల్ల, గంటలో తేలిపోయే యుద్ధం

పాతకాలపు యుద్ధాలను చిన్న బొమ్మలతో బల్ల మీద ఆడే క్లబ్బు పెట్టాలంటే మొదట తేల్చుకోవాల్సింది ఏ రూల్స్‌తో ఆడాలన్నది. హైదరాబాద్‌లో నలుగురు మిత్రులు కలిసి మొదలుపెట్టినా, లండన్‌లోనో డాలస్‌లోనో ఉన్న క్లబ్బులో కొత్తగా చేరినా మేము సూచించేది డీబీఏనే. పూర్తి పేరు డి బెల్లిస్ యాంటిక్విటాటిస్. బ్రిటన్‌కు చెందిన వార్‌గేమ్స్ రీసెర్చ్ గ్రూప్ దీన్ని 1990లో తెచ్చింది. దీని వెనక ప్రధానంగా ఉన్నవాడు ఫిల్ బార్కర్. ఇక్కడ సమీక్షిస్తున్నది 2014లో వచ్చిన 3.0 కూర్పు. క్రీ.పూ. 3000 నుంచి క్రీ.శ. 1500 దాకా జరిగిన యుద్ధాలు దీని పరిధిలోకి వస్తాయి. ఏ సైన్యంలో ఏ దళాలు ఎన్ని ఉండాలో చెప్పే జాబితాలు కూడా ఆ పుస్తకంలోనే ఉన్నాయి కాబట్టి వేరే పుస్తకాలు కొనక్కర్లేదు.

ఏ సైన్యమైనా, ఎంత పెద్ద రాజుదైనా, బల్ల మీద 12 ఎలిమెంట్లే. ఎలిమెంట్ అంటే ఒకే బేస్ (చిన్న పలక) మీద అతికించిన కొన్ని బొమ్మలు. అది ఒక్కటిగా కదులుతుంది, ఒక్కటిగా పోరాడుతుంది, పోతే ఒక్కటిగా పోతుంది. ఎంతమంది చచ్చారో లెక్క రాసుకునే పని లేదు. 15 మిల్లీమీటర్ల బొమ్మలకు బేస్ వెడల్పు 40 మి.మీ. దూరాలన్నీ ఆ బేస్ వెడల్పుల్లోనే కొలుస్తారు. యుద్ధభూమి కనీసం 15 బేస్ వెడల్పుల చదరం, అంటే 60 సెం.మీ. డైనింగ్ టేబుల్ మీద ఒక మూల చాలు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఆరడుగుల బల్ల కావాలనే రూల్స్‌తో మొదలైన క్లబ్బుకు హాలు అద్దె కట్టుకోవడమే పెద్ద పనైపోతుంది.

ఆటకు ప్రాణం పిప్‌లలో ఉంది. మీ వంతు రాగానే ఒక పాచిక వేస్తారు, దాని మీద పడిన అంకె ఆ వంతుకు మీ పిప్‌ల సంఖ్య. ఒక పిప్‌తో ఒక ఎలిమెంట్‌ను గానీ, అంచులు ఆనించుకుని ఒకే దిక్కు చూస్తున్న ఎలిమెంట్ల గుంపును గానీ కదపొచ్చు. ఎనిమిది బేస్‌ల వరుస చెదరకుండా ఉన్నంతసేపు అది ముందుకు సాగడానికి ఒక్క పిప్ చాలు. అదే వరుస యుద్ధంలో చీలి నాలుగు ముక్కలైతే నాలుగు పిప్‌లు కావాలి, పాచిక మీద రెండే పడుతుంది. ఏనుగులున్న గుంపును కదపాలంటే ఇంకో పిప్ అదనం. సేనాపతికి దూరమైపోయిన దళానికి కూడా అదనపు పిప్ పెట్టుకోవాల్సిందే. కొత్తవాళ్లకు ఇది అన్యాయంగా అనిపిస్తుంది: అన్నీ కళ్ల ముందే ఉంటాయి, కదపడానికి మాత్రం వీలుండదు. సేనాపతి ఆజ్ఞ ఆఖరి దళం దాకా చేరకపోవడమన్న సంగతిని ఇంత తక్కువ సరంజామాతో చూపించిన రూల్స్ మాకు ఇంకెక్కడా కనిపించలేదు. రిజర్వుగా రెండు ఎలిమెంట్లు ఎందుకు ఉంచుకోవాలో, వరుసను ఎందుకు విడగొట్టకూడదో రెండు మూడు ఆటల్లో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

పోరాటం లెక్క ఇలా ఉంటుంది. ప్రతి రకం దళానికి కాల్బలం మీద ఒక అంకె, గుర్రపు దళం మీద ఒక అంకె ఉంటాయి. ఖడ్గధారులకు కాల్బలం మీద +5, గుర్రాల మీద +3. విలుకాండ్రకు +2, +4. ఈటె దళానికి రెంటి మీదా +4. దానికి పాచిక కలుపుతారు. తక్కువ వచ్చినవాడు వెనక్కి తగ్గుతాడు, అవతలివాడికి రెట్టింపు వస్తే చనిపోతాడు. పక్కన శత్రువు అంచు కలుపుకుని నిలబడితే −1. సేనాపతి ఎలిమెంట్‌కు +1.

ఆ −1 విలువ ఎంతో ఒక లెక్క చూస్తే అర్థమవుతుంది. ఖడ్గధారుల ఎదుట ఖడ్గధారులు, ఇద్దరికీ 5. మనకు 1 పడింది, ఎదుటివాడికి 5. మనది 6, అతనిది 10. వెనక్కి తగ్గుతాం, అంతే. అదే పాచికలు, కానీ మన పక్క బేస్ అప్పటికే తుడిచిపెట్టుకుపోయి శత్రువు అంచు కలిపాడు అనుకోండి. మనది 5, అతనిది 10. సరిగ్గా రెట్టింపు, బేస్ పోయింది. దాని పక్క బేస్‌కు ఇప్పుడు అదే ప్రమాదం. వరుస ఒకచోట తెగితే మొత్తం ఎందుకు కూలుతుందో ఇంత చిన్న లెక్కలో ఇమిడి ఉంది. అందుకే మధ్యలో పోరాటాలు ఏ క్రమంలో తేల్చుకోవాలన్నది వంతు ఉన్న ఆటగాడు బాగా ఆలోచించి ఎంచుకోవాలి. గెలిచే అవకాశం ఎక్కువ ఉన్నచోట ముందు తేల్చుకుంటే పక్క పోరాటానికి ఆ −1 అందివస్తుంది.

నాలుగు ఎలిమెంట్లు పోగొట్టుకుని, ఆ నష్టం ఎదుటివాడి కన్నా ఎక్కువైతే ఓటమి. సేనాపతి పోతే సాధారణంగా ఆట అక్కడితో ముగిసినట్టే. ముప్పావుగంట నుంచి గంటలోపు తేలిపోతుంది. మూడు గంటల సాయంత్రంలో మూడు ఆటలు పడతాయి. ఒకే యుద్ధాన్ని సైన్యాలు మార్చుకుని మళ్లీ ఆడి చూడొచ్చు. నలుగురుంటే రెండు బల్లల మీద మూడు రౌండ్లలో అందరితో అందరూ ఆడేయొచ్చు. క్లబ్బు నడపడంలో ఇది పెద్ద లాభం. ఒక ఆట ఓడినవాడు రెండు గంటలు ఊరికే కూర్చోవాల్సి వస్తే మరుసటి వారం రాడు.

చరిత్ర తెలిసినవాళ్లకు ఇందులో ఏముంది అంటే, క్రీ.పూ. 326లో అలెగ్జాండర్‌కూ పురుషోత్తముడికీ (పోరస్) జరిగిన ఝేలం యుద్ధాన్ని తీసుకుందాం. పురుషోత్తముడు ఏనుగులను ముందు వరుసలో ఎడం ఎడంగా నిలిపి, వెనక పదాతిని, రెక్కల మీద (సేనకు రెండు పక్కలా) గుర్రాలను, రథాలను పెట్టాడు. ప్రాచీన చరిత్రకారుల్లో ఏనుగులు 200 అని అరియన్, 130 అని డియోడోరస్, 85 అని కర్టియస్ రాశారు. డీబీఏలో ఈ తేడాతో పేచీ లేదు. ఒక ఎలిమెంట్ ఇంతమందికే సమానం అన్న బిగింపు లేకపోవడం వల్ల దళాల నిష్పత్తి సరిగ్గా ఉంటే చాలు. అలెగ్జాండర్ సహచర అశ్వదళం ఈ రూల్స్‌లో నైట్స్ (దూకుడుగా మీదపడే గుర్రపు దళం) కిందకి వస్తుంది. నైట్స్ ఏనుగు చేతిలో ఓడితే రెట్టింపు కాకపోయినా పోతారు. అదే ఏనుగు తేలికపాటి ఈటెలు విసిరేవాళ్ల చేతిలో ఓడితే అదీ పోతుంది. ఏనుగుల వాసనకు గుర్రాలు బెదరడం, అలెగ్జాండర్ తన అశ్వదళాన్ని ఏనుగుల ఎదుటికి పంపకుండా రెక్క మీదకు తిప్పడం, ఈటెలు విసిరే అగ్రియానియన్లను, విలుకాండ్రను మావటీల మీదకు తోలడం, అంతా ఈ రెండు నియమాల్లోంచి దానంతట అదే బయటికి వస్తుంది. ఏనుగుల్ని నేరుగా గుర్రాలతో కొట్టబోయిన ఆటగాడికి మూడో వంతుకల్లా సంగతి బోధపడుతుంది.

రూల్స్‌లో ఉన్నవి ఉన్నట్టు వాడితే నది దాటే ఘట్టం రాదు. దాటేసిన తర్వాతి యుద్ధంగానే పెట్టుకోవాలి. అలెగ్జాండర్ సేనాని కోయినస్ దళం పురుషోత్తముడి కుడిరెక్క వెనకగా తిరిగిరావడానికి మేము సూచించేది ఇది: రెండు గుర్రపు ఎలిమెంట్లను బల్ల బయట ఉంచి, మూడో వంతు నుంచి పాచిక మీద 5 గానీ 6 గానీ పడినప్పుడు ఆ పక్క అంచు నుంచి రానివ్వాలి. ముందురాత్రి వానకు నేల చిత్తడిగా ఉండి రథాలు దిగబడ్డాయని, పొడుగు విల్లులను నేలకు ఆనించడానికి వీల్లేకపోయిందని మూలాలు చెబుతున్నాయి. కాబట్టి భారత సైన్యం రెక్కల ముందు రెండు చిత్తడి ప్రాంతాలు పెడితే న్యాయంగా ఉంటుంది. అంతకు మించి చిత్తడి పెంచితే ఆట ఏకపక్షమైపోతుంది.

ఇక పుస్తకం గురించి. ఇక్కడ మా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. నియమాలు బాగున్నాయి, వాటిని రాసిన తీరు బాగాలేదు. ఒక్కో వాక్యంలో మూడు మినహాయింపులు, వాటిలో ఇంకో షరతు. ఒక్క మాట వదిలేసి చదివితే అర్థం తలకిందులవుతుంది. శత్రువు ముందు ఒక బేస్ వెడల్పు దూరంలో ఉండే ముప్పు ప్రాంతంలో ఎవరు ఎటు కదలొచ్చన్నది, శత్రువును తాకిన బేస్ ఎలా సర్దుకుని నిలబడాలన్నది ఒక్కసారి చదివితే ఎవరికీ ఎక్కదు. పుస్తకంలో ఉన్న చిత్రాలు చూడకుండా వాక్యాలు మాత్రమే చదివి ఆడితే గొడవలు ఖాయం. క్లబ్బులో ఒకరు పూర్తిగా చదివి, చిత్రాల్లో ఉన్న ప్రతి పరిస్థితినీ బల్ల మీద బేస్‌లతో పేర్చి మిగతావాళ్లకు చూపించడం ఒక్కటే దారి. ఒక ఆదివారం పూట దానికే కేటాయించాలి. ఆ రోజు ఆట పెట్టుకోకూడదు. తర్వాత పిప్‌లు, కదలిక దూరాలు, పోరాటపు అంకెలు, ఎవరు ఎవరి చేతిలో వెంటనే పోతారన్న పట్టిక, ఈ నాలుగూ ఒక ఏ4 కాగితం మీద తెలుగులో రాసుకుంటే పుస్తకం తెరిచే అవసరం చాలా తగ్గుతుంది.

3.0కు ముందటి 2.2 కూర్పు పుస్తకం సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే కొనొచ్చా అని అడుగుతారు. మీ దగ్గరి క్లబ్బు అదే ఆడుతుంటే తప్ప వద్దు. 3.0లో కదలికలు వేగమయ్యాయి. ఈటె దళానికి వెనక వరుస ఇచ్చే బలం పోయి పక్కవాడు ఇచ్చే బలం వచ్చింది. పాత అలవాటుతో ఈటెలను రెండు వరుసలుగా పెడితే ముందు భాగం కురచైపోయి అంచుల దగ్గర దెబ్బ తింటారు.

బేస్‌ల విషయంలో ఖచ్చితత్వం తప్పనిసరి. ఈటె, ఖడ్గ, పొడుగు బల్లెం దళాలకు లోతు 15 మి.మీ., తేలిక పదాతికి 20, గుర్రాలకు 30, ఏనుగుకు 40. బొమ్మలు వరుసగా 4, 2, 3 (తేలిక గుర్రాలైతే 2), 1. ఆరు భారీ పదాతి, మూడు గుర్రపు, మూడు తేలిక పదాతి బేస్‌లున్న సైన్యానికి 24, 9, 6 కలిపి 39 బొమ్మలు. ఇద్దరికీ కలిపి 80 లోపే. 2 మి.మీ. ఎమ్‌డీఎఫ్‌ను (చెక్కపొట్టు నొక్కి చేసిన పలక) లేజర్ కటింగ్ చేసే షాపులో ఇస్తే ఒక్క షీట్‌లో క్లబ్బు మొత్తానికీ సరిపోతాయి. తీసుకునేముందు వెర్నియర్‌తో కొలవండి. ఒక్కో బేస్ అర మి.మీ. ఎక్కువ వచ్చినా ఎనిమిది బేస్‌ల వరుస 4 మి.మీ. జరుగుతుంది. అంచుకు అంచు కలవాల్సినచోట కలవదు, అక్కడే −1 ఉందా లేదా అన్న వాదన మొదలవుతుంది. అన్ని సైన్యాల బేస్‌లూ ఒకే షాపులో, ఒకేసారి కోయించడం మంచిది. కొలవడానికి టేపు వద్దు, అది బేస్‌లను కదిపేస్తుంది. అదే ఎమ్‌డీఎఫ్‌లో 40, 80, 120, 160 మి.మీ. పట్టీలు కోయించుకోండి.

బొమ్మలకు మూడు దారులున్నాయి. బ్రిటన్‌లోని ఎసెక్స్ మినియేచర్స్ డీబీఏ సైన్యానికి సరిపడా 15 మి.మీ. లోహపు బొమ్మలను ఒకే ప్యాక్‌గా అమ్ముతుంది. ఏది ఎన్ని కొనాలో లెక్కలు వేసుకునే పని తప్పుతుంది, కాబట్టి మొదటి సైన్యానికి ఇదే తేలిక. లోహం బరువు వల్ల పోస్టేజీ, దానిమీద కస్టమ్స్ పడతాయి. నలుగురూ కలిసి ఒకే ఆర్డర్ పెట్టడం మేలు. రెండోది 1/72 కొలతలో ఉండే మెత్తటి ప్లాస్టిక్. హాట్, జ్వెజ్డా కంపెనీల పెట్టెల్లో ఆ కాలపు సేనలు చాలా ఉన్నాయి. ఖర్చు తక్కువ. కానీ 40 మి.మీ. బేస్ మీద నాలుగు బొమ్మలు ఇరుకవుతాయి, వీటికి 60 మి.మీ. బేస్, దానికి తగ్గట్టు 90 సెం.మీ. చదరపు బల్ల వాడాలి. పైగా మెత్తటి ప్లాస్టిక్ వంగుతుంది, రంగు పెచ్చులుగా ఊడుతుంది. సబ్బునీళ్లతో కడిగి అచ్చుకు పూసిన నూనె పోగొట్టి, రంగుకు ముందూ తర్వాతా పలచటి ఫెవికాల్ పూత వేస్తే ఊడటం తగ్గుతుంది. మూడోది రెజిన్ 3డీ ప్రింటింగ్. ముఖాలు, కవచాలు చక్కగా వస్తాయి, బల్లేలు మాత్రం పుటుక్కున విరుగుతాయి. ప్రింట్ చేసేముందే బల్లేన్ని తీసేసి, పిడికిలికి 0.5 మి.మీ. చిల్లు పెట్టి ఇత్తడి తీగ దూర్చడం మంచిది. లోహపు బొమ్మల్లో వంగిపోయే బల్లేలకూ ఇదే మందు.

బొమ్మలేవీ లేకుండా మొదలుపెట్టడం కూడా సరైన పద్ధతే. 200 జీఎస్‌ఎమ్ కాగితం మీద దళం పేరు, బాణం గుర్తు ప్రింట్ చేసి ఎమ్‌డీఎఫ్ బేస్‌ల మీద అతికించి నెలరోజులు ఆడండి. ఏ సైన్యం నచ్చిందో తేలాక డబ్బు పెట్టండి. రంగులేయడంలో ఉత్సాహమున్నవాళ్లు ముందే మూడు సైన్యాలు కొని, ఒకటీ పూర్తి చేయకుండా వదిలేయడం ఈ అభిరుచిలో మామూలుగా జరిగేదే.

రంగుల దగ్గర మన వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల వానాకాలంలో స్ప్రే ప్రైమర్, మ్యాట్ వార్నిష్ స్ప్రే రెండూ ప్రమాదమే. గాలిలో తేమ పూతలో చిక్కుకుని బొమ్మ మీద తెల్లటి పొర కడుతుంది, ముదురు రంగులన్నీ బూడిద పట్టినట్టవుతాయి. కుంచెతో పూసే ఆక్రిలిక్ ప్రైమర్, నీళ్ల ఆధారిత మ్యాట్ వార్నిష్ వాడితే ఈ బెడద లేదు. ఫెవిక్విక్‌తో అతికించిన బొమ్మలను ఆరకముందే మూత బిగించిన డబ్బాలో పెడితే ఆవిరి వల్ల కూడా ఇలాంటి తెలుపే వస్తుంది. ఏనుగు సగాలను, పైనున్నవాళ్లను ఆరల్డైట్‌తో అతికించి రాత్రంతా వదిలేయండి. ఫెవిక్విక్ కీలు బరువు దగ్గర ఓ కుదుపుకే విడిపోతుంది. 15 మి.మీ.లో వివరాలన్నీ గీయక్కర్లేదు. మూల రంగులు, దానిమీద గోధుమరంగు వాష్ (పలచటి పూత), ముఖానికీ చేతులకూ ఒక లేత గీత, చాలు. రెండడుగుల దూరం నుంచి చూసేది బొమ్మను కాదు, బేస్‌ను. అందుకే బేస్ మీద శ్రద్ధ పెట్టండి. టీ వడపోతలో జల్లించిన సన్నటి ఇసుకను ఫెవికాల్ మీద చల్లి, ఆరాక ముదురు మట్టిరంగు, దానిమీద పొడికుంచెతో లేత రంగు. ఫెవికాల్ నీళ్లు ఎక్కువైతే 2 మి.మీ. ఎమ్‌డీఎఫ్ ఒంపు తిరుగుతుంది. అడుగుభాగానికి కూడా ఒక పూత ముందే వేసేస్తే తిరగదు. ఆ అడుగున అయస్కాంతపు షీట్ ముక్క అతికిస్తే ఇనుప బిస్కెట్ డబ్బాలో సైన్యం మొత్తం కదలకుండా క్లబ్బుకు చేరుతుంది.

అడవులను, గుట్టలను బేస్‌లు నిలబడేలా చేయాలి. చెట్లను అతికించేసిన అడవిలో బేస్ పట్టదు. సక్రమం కాని ఆకారంలో ఫెల్ట్ గుడ్డ కత్తిరించి, దానిమీద విడిగా చెట్లు పెట్టండి. దళం లోపలికి వచ్చినప్పుడు చెట్టు జరుపుకోవచ్చు, అడవి హద్దు మాత్రం గుడ్డ అంచు దగ్గర స్పష్టంగా ఉంటుంది. గుట్టల వాలు నిటారుగా ఉంటే బొమ్మలు జారతాయి.

తెలుగువాళ్లకు ఇందులో ఏముందన్నది ఇంకో ప్రశ్న. మధ్యయుగపు హిందూ రాజ్యాల సైన్యాలకు జాబితా ఉంది, ఢిల్లీ సుల్తానులకూ ఉంది. 1303లో ఉప్పరపల్లి దగ్గర కాకతీయ సేనలు ఢిల్లీ సైన్యాన్ని వెనక్కి కొట్టిన పోరు దీనికి చక్కగా సరిపోతుంది: ఒకవైపు నెమ్మదిగా కదిలే ఏనుగులు, కాల్బలం, మరోవైపు వేగమైన గుర్రాలు. కాకతీయ ఆటగాడికి పిప్‌ల కరువు, ఢిల్లీ ఆటగాడికి తలపడాలా తిరిగి వెళ్లాలా అన్న సందిగ్ధం. 1323లో ఓరుగల్లును పడగొట్టిన ముట్టడి మాత్రం ఈ రూల్స్‌తో కుదరదు. మట్టికోట, రాతికోట, నెలల తరబడి ముట్టడి, ఇవేవీ 12 బేస్‌ల బహిరంగ యుద్ధంలో ఇమడవు.

12వ శతాబ్దం చివరి పల్నాటి యుద్ధాన్ని కారంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున పెట్టుకోవాలని చాలామందికి ఉంటుంది. పెట్టుకోవచ్చు. అయితే మాచర్ల, గురజాల రెండు వైపులా ఒకే రకం దళాలు. వ్యూహం వివరాలకు కావ్యం, వీరగాథలే దిక్కు. చరిత్ర పునర్నిర్మాణం అని కాకుండా, ఒకే బలమున్న రెండు సేనల ఆటగా చూడండి. కొత్తవాళ్లకు ఇది మంచి మొదటి ఆట కూడా, ఇద్దరికీ నేర్చుకోవాల్సిన అంకెలు సగమే. వాగును బల్ల మధ్యలో అడ్డంగా పెట్టకండి, ఎవరూ ముందు దాటరు. ఒక మూల నుంచి పక్క అంచుకు పోయేలా వేస్తే ఒక రెక్కకు మాత్రమే అడ్డు పడుతుంది, రెండో రెక్కన యుద్ధం నడుస్తుంది.

1520 రాయచూరు, 1565 రాక్షసతంగడి రెండూ పుస్తకం గడువు 1500 దాటాక జరిగినవి. అదే కుటుంబంలోని డీబీఆర్ అనే రూల్స్ పుస్తకం ఆ కాలానికి ఉంది, కానీ అది పొడుగాట, బొమ్మలూ ఎక్కువ కావాలి. డీబీఏలోనే తుపాకులు, ఫిరంగులు జోడించి నెట్టుకురావాలని చూడకండి. ఒక్క దళం అంకె మార్చినా మిగతా పట్టిక అంతా బెసుకుతుంది.

ఆరుగురు కూడి, ఒక్కొక్కరి దగ్గర 12 బేస్‌లు సిద్ధమయ్యాక బిగ్ బ్యాటిల్ డీబీఏ ఆడండి. వైపుకు మూడు కమాండ్లు (సేనలోని భాగాలు), 36 ఎలిమెంట్లు, ఒక్కో కమాండ్‌కు ఒక్కో ఆటగాడు. బల్ల పొడవు రెట్టింపు చేసుకోవాలి, కాబట్టి రెండు 60 సెం.మీ. బోర్డులు ఒకే రంగు గుడ్డతో చేసి ఉంచుకుంటే పక్కపక్కన పెట్టేయొచ్చు. మూడు పాచికల్లో ఏది ఏ కమాండ్‌కు అన్నది ఆట మొదట్లోనే రాసి బల్ల మీద పెట్టండి. మధ్యలో ఆ మాట మీదే ఎక్కువ తగువులొస్తాయి. మూడు గంటలు పట్టే ఆట ఇది, ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి.